రీసెట్ నొక్కే ముందు

నమస్కారమండీ. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే.

లోపలికి వస్తూ పక్క గదిలో పెట్టిన డ్రైవింగ్ సిమ్యులేటర్ దగ్గర, అదేనండీ, తెర ముందు కూర్చుని ఉత్తుత్తి బండి నడిపే యంత్రం దగ్గర, కాసేపు ఆగాను. అప్పటికే క్యూ కట్టారు. కూర్చున్న ప్రతివాళ్లూ రేసు ట్రాకే ఎంచుకుంటున్నారు. మెనూలో ఖాళీ మైదానం, అందులో నాలుగు కోన్లు కూడా ఉన్నాయి. దాని జోలికి ఒక్కరూ పోలేదు. (నవ్వులు) తప్పు పట్టడం లేదండీ, మొదటిసారి కూర్చున్నప్పుడు నేను చేసిందీ అదే. మూడు నెలల పాటు ల్యాప్ టైములు, అంటే ట్రాకు ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, తగ్గించుకుంటూ, నా డ్రైవింగ్ ఎంత బాగుపడిపోయిందో అని మురిసిపోయాను. ఇవాళ ఆ ఖాళీ మైదానం గురించే మాట్లాడతాను.

నేను డ్రైవర్లకు శిక్షణ ఇస్తుంటాను. ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఒక్క యాక్సిడెంట్ లేదు. కుర్చీ, స్టీరింగ్, మూడు తెరలు చూసి, "మాస్టారూ, ఈ వయసులో నాచేత వీడియో గేమ్ ఆడిస్తారా?" అన్నారు. "ఒక్క పది నిమిషాలు కూర్చోండి, నచ్చకపోతే లేచి వెళ్లిపోండి" అన్నాను. తిన్నని రోడ్డు, 60 కిలోమీటర్ల వేగం. ఎప్పుడో ఒకప్పుడు తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెలగ్గానే ప్రాణం మీదికొచ్చినట్టు బ్రేకు తొక్కి, ముందున్న కోన్లకి తగలకుండా ఆగాలి. అంతే పని.

దీపం వెలిగింది. ఆయన కాలు టక్కున బ్రేకు మీదికి వెళ్లింది, అందులో ఏ వంకా లేదు. బండి ఆగింది. కానీ కోన్లను గుద్దేసి, నాలుగు మీటర్లు దాటాక ఆగింది. "దీనికి బ్రేకులు సరిగా లేవండీ" అన్నారు. అప్పుడు గ్రాఫ్ తెరిచి చూపించాను. పెడల్ మీద ఎంత బలం పడిందో అందులో గీతలా కనిపిస్తుంది. ఆ గీత నిట్టనిలువుగా లేచి, సగం ఎత్తు దాకా వెళ్లి, అక్కడ మెట్టులాగా ఆగిపోయింది. కోన్లు ముంచుకొచ్చేశాయనగా, చివర్లో, మళ్లీ పైకి లేచింది. ఆయన ఆ మెట్టు వైపే చాలాసేపు చూశారు. "నేను పూర్తిగా తొక్కాననే అనుకున్నానండీ" అన్నారు, కాస్త మెల్లగా.

ఆ మెట్టు ఆయన ఒక్కరిదే కాదు. 1990ల మొదట్లో మెర్సిడెస్ కార్లు చేసే డైమ్లర్-బెంజ్ ఇంజనీర్లు బెర్లిన్‌లోని తమ సిమ్యులేటర్‌లో మామూలు డ్రైవర్లను కూర్చోబెట్టి చూశారు. ప్రమాదం ఎదురైనప్పుడు చాలామంది కాలు వేగంగానే కదులుతోంది, బలం మాత్రం చాలడం లేదు. ఆ పరిశోధన నుంచి పుట్టిందే బ్రేక్ అసిస్ట్. 1996లో కార్లలోకి వచ్చింది. పెడల్ ఎంత వేగంగా కిందికి దిగిందో చూసి, "ఈయనకి నిజంగానే ఆగాలని ఉంది" అని బండే అర్థం చేసుకుని, మిగిలిన బలం తనే వేసేస్తుంది. అంటే ఇవాళ మీ కారులో ఉన్న ఒక భద్రతా పరికరం, సిమ్యులేటర్‌లో బయటపడిన మనిషి బలహీనతకి వేసిన మందు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు, ఆ కుర్చీ మీద గౌరవం పెరిగింది.

మరి పూర్తిగా ఎందుకు తొక్కరు? ఆలోచిస్తే పెద్ద రహస్యం కాదు. మనం రోజూ వేసే ప్రతి బ్రేకూ మెత్తగా వేయడానికే అలవాటు పడ్డాం. పక్కన కూర్చున్నవాళ్లు ముందుకు తూలకూడదు, వెనక సామాను పడకూడదు. ఇరవై రెండేళ్లు ఒక కాలు సున్నితంగా ఉండటం నేర్చుకుంది. ఒక్క సెకనులో మొరటుగా మారమంటే మారదు. రోడ్డు మీద ఈ సాధన చేయలేం, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. సిమ్యులేటర్‌లో ఒక మధ్యాహ్నంలో యాభైసార్లు చేయవచ్చు. ఆ పెద్దాయనకి పదిహేనో పదహారో సారికి గీతలో మెట్టు పోయింది. లేచేటప్పుడు తొడ పట్టుకుని లేచారు. (నవ్వులు)

ఒక చిన్న మాట, మళ్లీ మర్చిపోతాను. ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా తొక్కితే పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటుంది. చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్ తన పని తాను చేసుకుంటోందన్నమాట. అది తెలియనివాళ్లు ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేస్తారు. ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1970ల నుంచీ కార్లలో ఉంది, ఇప్పటికీ దానికి భయపడి కాలు తీసేసేవాళ్లు ఉన్నారు. ఇంట్లో వాడే సిమ్యులేటర్ పెడల్స్ చాలావాటిలో ఈ కొట్టుకోవడం ఉండదు. కాబట్టి ఆ ఒక్కటీ అసలు బండిలో, ఖాళీ స్థలంలో, తెలిసినవాళ్లు పక్కనుండగా ఒకసారి చూసి రావాలి.

ఇప్పుడు కొంచెం లెక్కలు. భయపడకండి, రెండే.

60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని కన్ను చూసి, మెదడు గుర్తించి, కాలు కదిలేసరికి సెకనున్నర అయిందనుకోండి, అప్పటికే 25 మీటర్లు పోయాయి. బ్రేకు ఇంకా పడనే లేదు. పొడి తారు మీద మంచి టైర్లతో అక్కణ్ణుంచి ఆగడానికి ఇంకో 18 మీటర్లు కావాలి. రోడ్డు తడిసి, టైర్లు అరిగి, పట్టు సగానికి పడిపోతే ఆ 18 కాస్తా 35 అవుతుంది. ఇది పుస్తకంలో చదివితే అంకెలు. సిమ్యులేటర్‌లో రోడ్డు మీద గీత గీసి, వర్షం బటన్ నొక్కి, అదే వేగంలో మళ్లీ రండి. పొడి రోడ్డు మీద ఆగిన చోటు పక్కనుంచి జారుకుంటూ పోతుంటే కడుపులో ఏదో అవుతుంది.

రెండో లెక్క నాకు చాలా ఇష్టం. రెండు ఒకేలాంటి కార్లు పక్కపక్కనే వెళ్తున్నాయి. ఒకటి 80లో, రెండోది 100లో. ఇద్దరూ ఒకే చోట, ఒకే క్షణంలో బ్రేకు వేశారు. 80 కారు అడ్డంగా ఉన్న లారీకి వెంట్రుకవాసిలో ఆగింది. 100 కారు అదే లారీ దగ్గరికి వచ్చేసరికి ఎంత వేగంలో ఉంటుంది? చెప్పండి.

(ప్రేక్షకుల్లోంచి: "ఇరవై!")

అందరూ అదే అంటారు. వందలోంచి ఎనభై తీస్తే ఇరవై. సరైన జవాబు 60. ఆగే దూరం వేగం మీద కాదు, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. పదివేలలోంచి ఆరువేల నాలుగు వందలు తీస్తే మూడువేల ఆరు వందలు, దాని వర్గమూలం అరవై. ఒక కారు ఆగిపోయిన చోట రెండోది 60లో గుద్దుతుంది. నేను ఈ మాట నోటితో చెప్తే తరగతిలో తలలు ఊపుతారు. లారీని అక్కడ నిలబెట్టి, రెండుసార్లు నడపమంటే, రెండోసారి తెర మీద లారీ వెనక భాగం పెద్దదవుతూ మీదికొస్తుంటే, కుర్చీలో వెనక్కి జరుగుతారు. ఆ జరగడమే నాకు కావాలి.

ఇవన్నీ పనికిరావాలంటే సిమ్యులేటర్ అబద్ధం చెప్పకూడదు. ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఎక్కువ తప్పులు చేస్తారు. టైర్లు రేసు టైర్లు ఉంటాయి, వాటి పట్టు మీ కారు టైర్లకి ఎక్కడిది? మామూలు రోడ్డు టైర్లు పెట్టుకోండి. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరిగేలా పెట్టుకోండి, చాలా కార్లకి అది దగ్గరగా ఉంటుంది. బండిని వెనక నుంచి, పైనుంచి చూసే కెమెరా వద్దు. డ్రైవర్ సీట్లోంచే చూడాలి. దొరికితే, పెడల్ ఎంత దిగిందో కాక ఎంత బలం పడిందో కొలిచే లోడ్ సెల్ బ్రేకు తీసుకోండి. కాలు గుర్తుపెట్టుకునేది బలాన్నే.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది చూపు కోణం. టేపు పెట్టి కొలవండి. తెర వెడల్పు 60 సెంటీమీటర్లు, కంటికి తెర 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, ఆ తెర మీ కంటిముందు ఆక్రమించేది 53 డిగ్రీలు. సెట్టింగులో కూడా అంతే పెట్టాలి. చాలామంది అన్నీ కనిపించాలని 80, 90 పెట్టేస్తారు. అప్పుడు ముందున్న కారు ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. వేగం మాత్రం ఎక్కువ అనిపిస్తుంది. ఆ కళ్లతో దూరం అంచనా వేయడం సాధన చేస్తే, మీరు కష్టపడి తప్పు నేర్చుకుంటున్నారు. 53 పెడితే చిన్న కిటికీలోంచి చూసినట్టుంటుంది, వారం రోజులు చిరాకుగా ఉంటుంది. భరించండి.

తల తిరగడం, వికారం గురించి చాలామంది అడుగుతారు. కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లోపలి భాగం కూర్చునే ఉన్నామంటుంది. ఆ గొడవే అది. పది నిమిషాలకి మించకుండా మొదలుపెట్టండి. తేడాగా అనిపించగానే ఆపేయండి, ఓర్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ వెంటనే అసలు బండి తాళాలు తీసుకోకండి.

ఇక బ్రేకు, స్టీరింగ్ రెండూ కలిసే చోటు. సిమ్యులేటర్‌లోని ఖాళీ మైదానంలోకి వెళ్లి ఏబీఎస్ ఆపేయండి. 70లో వస్తూ బ్రేకు మొత్తం తొక్కి, స్టీరింగ్ పూర్తిగా పక్కకి తిప్పండి. రీప్లేలో బయటి కెమెరా పెట్టి చూడండి. ముందు చక్రాలు పూర్తిగా పక్కకి తిరిగి ఉంటాయి, బండి మాత్రం తిన్నగా కోన్ల మీదికే పోతుంటుంది. ఎంత వింతగా ఉంటుందంటే, మొదటిసారి చూసినవాళ్లు సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు. టైరుకున్న పట్టు నెల జీతంలాంటిదండీ. మొత్తం బ్రేకుకే ఖర్చు పెట్టేస్తే మలుపుకి పైసా మిగలదు. అప్పుడు బ్రేకు మీద కాలు కొంచెం వదలండి. బండి ఒక్కసారిగా ముక్కు తిప్పుతుంది. తర్వాత ఏబీఎస్ వేసి మళ్లీ చేయండి. తొక్కి పట్టుకునే తిప్పవచ్చు. ఏబీఎస్ ఉన్నది తొందరగా ఆగడానికే అనుకుంటారు చాలామంది. ఆగుతూనే తప్పుకోవడానికి వీలివ్వడం దాని అసలు గొప్పతనం.

ఈ తప్పుకోవడానికి ఒక ప్రసిద్ధమైన పరీక్ష ఉంది. కోన్ల మధ్య దారిలో వస్తూ, ఒక్కసారిగా పక్క దారిలోకి దూరి, మళ్లీ మొదటి దారిలోకి రావాలి. అంతర్జాతీయ ప్రమాణంలో మొత్తం పొడవు 61 మీటర్లు. 1997లో ఒక స్వీడన్ మోటారు పత్రిక ఇలాంటి పరీక్షే చేస్తే మెర్సిడెస్ ఎ-క్లాస్ బోల్తా పడింది. ప్రపంచమంతా గోల అయ్యాక కంపెనీ ఆ కారు అన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి అదుపు తప్పుతుంటే తనే బ్రేకు వేసి సరిచేసే ఏర్పాటు, పెట్టింది. బండ్ల సంగతి అలా ఉంచండి. మన సంగతికి వస్తే, ఈ సాధనలో పోయేది చేతుల దగ్గర కాదు, కళ్ల దగ్గర. గుద్దకూడదనుకున్న కోను వైపే చూస్తారు, దాన్నే గుద్దుతారు. నేను పక్కన నిలబడి తెర వైపు కాకుండా వాళ్ల కళ్ల వైపు చూస్తుంటాను. బాగా చేసేవాళ్ల కళ్లు, స్టీరింగ్ తిప్పకముందే ఖాళీ వైపు వెళ్లిపోతాయి. చేతులు వాటి వెనకే వెళ్తాయి. చేతులకి వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎవరూ సాధన చేయనిది ఒకటి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. రోడ్డు అంచు దిగిపోవడం. ఏదో ఆలోచిస్తూ, లేదా ఎదురుగా వచ్చేవాడికి దారి ఇస్తూ, ఒక పక్క రెండు చక్రాలు తారు దిగి మట్టిలోకి పోయాయి. తారు అంచు ఒక జానెడు ఎత్తులో ఉంది. శరీరం వెంటనే ఏం చేస్తుంది? స్టీరింగ్‌ని విసురుగా రోడ్డు వైపు లాగుతుంది. టైరు పక్క గోడ ఆ అంచుకి ఒరుసుకుంటుంది, ఎక్కదు. ఇంకా తిప్పుతారు. ఎక్కదు. ఇంకా తిప్పుతారు. అప్పుడు ఎక్కుతుంది. ఎక్కేసరికి చక్రం బాగా తిరిగి ఉంది, తారు మీద పట్టు ఒక్కసారిగా దొరికింది, బండి బాణంలా రోడ్డుకి అడ్డంగా ఎదురు వరుసలోకి పోతుంది. మట్టిలో ఉన్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. పైకొచ్చే తొందరలోనే అంతా ఉంది.

చేయాల్సింది చెప్పడం తేలిక. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, రెండు చక్రాలు మట్టిలోనే ఉంచి తిన్నగా పోతూ, వేగం బాగా తగ్గాక, వెనకా ముందూ చూసుకుని నెమ్మదిగా ఎక్కాలి. దీన్ని సాధన చేసేటప్పుడు నేను పైకి లెక్కపెట్టమంటాను. ఒకటి, రెండు, మూడు... మట్టిలో ఎన్ని సెకన్లు ఉండగలరో. మొదటిసారి "రెం—" అనేలోపే స్టీరింగ్ లాగేస్తారు. (నవ్వులు) ఆరు దాకా లెక్కపెట్టగలిగిన రోజు, ఆ మనిషికి పని అయినట్టే. అక్కడ మనం సాధన చేసేది ఓపిక.

వెనక చక్రాలు జారడం గురించి ఎక్కువ చెప్పను, దాని మీద సరదా వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఒక్క సంగతి. బండి తోక కుడికి జారితే స్టీరింగ్ కుడికి తిప్పాలని అందరికీ తెలుసు. తిప్పింది ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో తెలియదు. మొదటి జారుడు సరిచేసుకున్నామని ఊపిరి పీల్చుకునేలోపు తోక రెండో వైపుకి, ముందుకన్నా గట్టిగా కొడుతుంది. సిమ్యులేటర్‌లో ఆ రెండో ఊపుని కనీసం ఇరవైసార్లు చూడండి.

ఇక్కడ నాకు నచ్చని ఒక నిజం కూడా చెప్పాలి. శిక్షకుడిగా చెప్పుకోవడానికి ఇబ్బందే. 1996లో స్వీడన్ నుంచి ఒక అధ్యయనం వెలువడింది. కొత్త డ్రైవర్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి జారే రోడ్డు మీద బ్రేకు వేయడం, తప్పుకోవడం వీలైనంత నైపుణ్యంగా చేయడం నేర్పారు. రెండో గుంపుకి అవే సందర్భాలు పెట్టి, "చూడండి, మీ అదుపు ఎంత తేలిగ్గా తప్పుతుందో" అని తెలిసేలా చేశారు. తర్వాత పరీక్షిస్తే ఇద్దరి నైపుణ్యంలో తేడా కనబడలేదు. కానీ మొదటి గుంపువాళ్లు తమకి చాలా వచ్చని నమ్మారు. అంటే శిక్షణ వాళ్ల చేతులకి ఇచ్చింది తక్కువ, అహానికి ఇచ్చింది ఎక్కువ.

అది చదివాక నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ప్రతి సాధననీ గెలుపుతో ముగించను. 60లో కోన్లు తప్పించుకున్నారా, 65. అది కూడా అయిందా, 70. ఎక్కడో ఒకచోట గుద్దుతారు. ఆ అంకెని కాగితం మీద రాయిస్తాను. తర్వాత ఫోన్‌లో అంకెలు చదువుతూ అదే చేయమంటాను. ఆ రెండో అంకె ఎప్పుడూ కిందికే పడుతుంది, ఎంత పడిందో వాళ్ల చేత్తోనే రాయిస్తాను.

(ప్రేక్షకుల్లోంచి ఒక మహిళ: "సార్, ఇందులో నేర్చుకున్నది నిజంగా రోడ్డు మీద గుర్తొస్తుందా?")

మంచి ప్రశ్నండీ. కొంత వస్తుంది, కొంత రాదు. 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన విమానాల సిమ్యులేటర్ తయారుచేశారు. వాళ్లది ఆర్గన్లు, పియానోలు చేసే కుటుంబం. ఆర్గన్ తిత్తులతోనే దాన్ని ఊగేలా చేశారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో ఉత్తరాలు చేరవేసే పని తీసుకుని, చెడు వాతావరణంలో పైలట్లను పోగొట్టుకున్నాక వాటిని కొన్నది. మబ్బుల్లో శరీరం చెప్పేది నమ్మకుండా మీటర్లని నమ్మడం అందులో నేర్చుకున్నారు. మన పరిస్థితి తలకిందులు. కారులో శరీరం చెప్పేది చాలావరకు నిజం. సీటు కింద జారుడు ముందు వీపుకే తెలుస్తుంది. కదలని కుర్చీలో అది తెలియదు. కాబట్టి బండి జారడం ఎలా ఉంటుందో ఇది పూర్తిగా నేర్పదు. కళ్లు ఎటు వెళ్లాలి, ఏది ముందు ఏది తర్వాత, కాలు ఎంత మొరటుగా పడాలి, ఇవి మాత్రం రోడ్డు మీదికి వస్తాయి.

ఇంకొకటి రాదు. భయం. గుద్దగానే రీసెట్ నొక్కితే కొత్త బండి వస్తుంది. నాకు ఆ బటన్ అంటే ఒళ్లుమంట. గుద్దిన తర్వాతి అర నిమిషంలోనే అసలు పాఠం ఉంది, మనవాళ్లు ఆ అర నిమిషాన్ని అర సెకనులో చెరిపేస్తారు. నా దగ్గర నియమం ఏమిటంటే, గుద్దాక చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ప్రమాదాన్ని మొదట ఎప్పుడు చూశారో, కాలు ఎప్పుడు కదిలిందో నోటితో చెప్పాలి. తర్వాత రీప్లే చూడాలి. చెప్పినదానికీ రీప్లేకీ దాదాపు ఎప్పుడూ తేడా ఉంటుంది. "చూడగానే తొక్కానండీ" అంటారు. రీప్లేలో ఆ కారు సందులోంచి ముక్కు బయటపెట్టి రెండు సెకన్లయ్యాక వీళ్ల కాలు కదులుతుంది. ఆ రెండు సెకన్లు ఎక్కడికి పోయాయని వాళ్లే వెతుక్కుంటారు.

టైమ్ అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. పక్క గదిలో సిమ్యులేటర్‌ మీద ఇప్పుడు ఖాళీ మైదానం తెరిచి పెట్టి ఉంది. తడి రోడ్డు, 60 కిలోమీటర్లు, ఎర్ర దీపం. కాగితం, పెన్ను టేబుల్ మీద ఉన్నాయి. మీ అంకె మీరే రాసుకోండి. రీసెట్ బటన్ కోసం వెతక్కండి, టీ బ్రేకులో వెళ్లి దాని మీద టేపు అంటించి వచ్చాను.

(చప్పట్లు)